మోదుగ, జామ, సున్నం

మొన్న మా వీధి చివర బడిలో ఆరోగ్య శిబిరం పెట్టారు. నందిగామలో ఇలాంటివి ఏడాదికి రెండు మూడుసార్లయినా జరుగుతాయి. నేను పోను. ఈ వయసులో ఒంట్లో ఏముందో తెలుసుకుని చేసేదేమిటని నా మొండితనం. ఈసారి పక్కింటావిడ నా ప్రాణం తీసేస్తుంటే, ఆవిడ పోరు పడలేక వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. నర్సమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. "పైకి చూడండమ్మా" అంటూ బొటనవేలితో నా కింది రెప్పను కిందికి లాగింది.

నా రెప్ప అలా లాగి చూసినవాళ్ళు ఈ జన్మలో ఇద్దరే. ఒకరు ఈ పిల్ల. ఇంకొకరు మా అత్త.

"రక్తం బాగా తక్కువుందండి. లోపలంతా పాలిపోయింది" అంది ఆ పిల్ల.

"జామా, సున్నమా?" అన్నాను. నోరు జారి వచ్చేసింది.

"ఏంటండీ?"

"ఏం లేదమ్మా."

వింతగా చూసి, "మాత్రలు తెస్తాను, ఇక్కడే కూర్చోండి" అని పక్క గదిలోకి వెళ్ళింది. అక్కడ వరస పెద్దగా ఉంది. ఆ పిల్ల వచ్చేదాకా నాకు పనేం లేదు. కూర్చున్నాను.

మాది తిరిగే మంద. జగ్గయ్యపేట అవతల రాళ్ళ నేలలో మా తాతకు మట్టిగోడల ఇల్లొకటి ఉండేది గానీ, ఏడాదిలో రెండు నెలలు కూడా దాని తలుపు తీసేవాళ్ళం కాదు. వరికోతలయ్యాక గొర్రెలను తోలుకుని కృష్ణ దిగువన పల్లపు పొలాలకు దిగేవాళ్ళం. తొలకరి పడితే అక్కడ నాట్లు మొదలవుతాయి, మందకు చోటుండదు. మళ్ళీ మెట్టకు ఎక్కేవాళ్ళం. వానాకాలమంతా వీరులపాడుకూ నందిగామకూ మధ్య ఉన్న డొంకలూ, చెరువు కట్టలూ, ఎవరూ దున్నని బీళ్ళే మాకు ఊళ్ళు. ఇప్పుడా బీళ్ళలో సగం సుబాబుల్ తోటలు, సగం ప్లాట్లు. హద్దురాళ్ళకు రంగులు కూడా వేశారు.

నాలుగిళ్ళ గొర్రెలు కలిపి మూడు వందల పైచిలుకు మంద. మందకు పెద్ద మా తాత, అంటే మా అమ్మకు నాన్న. తాత తమ్ముడికి ఇద్దరు కొడుకులు. పెద్దాయన చనిపోతే ఆయన భార్య తన వంతు గొర్రెలు తీసుకుని మందతోనే నడిచేది. ఆవిడే మా అత్త. చిన్నాయన మావయ్య. ఇంకో ఇద్దరు మగవాళ్ళు. వాళ్ళందరి మధ్యా పదేళ్ళ దాన్ని నేనొక్కదాన్నే. మా అమ్మ నన్ను కంటూనే పోయింది. నాన్న వేరే పెళ్ళి చేసుకుని జగ్గయ్యపేట దగ్గర సున్నపు బట్టీలో పనికి కుదిరాడు. నన్ను తాత గొంగట్లో చుట్టుకుని మందలోకి తెచ్చుకున్నాడు.

వానలో తడిసిన గొంగడి వాసన తెలిసినవాళ్ళు ఇప్పుడెంతమంది ఉన్నారో నాకు తెలియదు. నాకైతే ఇప్పటికీ మబ్బు పట్టగానే ఆ వాసనే గుర్తొస్తుంది. దాని కిందే ముడుచుకుని కూర్చుని జొన్న సంకటి, గోంగూర పచ్చడి తినేదాన్ని. అత్త సంకటి ముద్దలో వేలితో గుంట చేసి, అందులో గొర్రెపాల మీగడ వేసి, "మీ మావయ్య చూడకముందే మింగవే" అనేది. వారానికోసారి నన్ను కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తల దువ్వేది. చిక్కు తీస్తూ ఏవేవో చెప్పేది. ఆ అరగంట తప్ప మిగతా వారమంతా నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. మగవాళ్ళు గొర్రెలతో మాట్లాడినన్ని మాటలు నాతో మాట్లాడేవాళ్ళు కారు. చేలల్లో పనికొచ్చే ఆడవాళ్ళ పిల్లలు దూరం నుంచి చూసి వెళ్ళిపోయేవారు. నేను కూడా గొర్రెలతోనే మాట్లాడేదాన్ని. అవి నమిలే చప్పుడు వింటే నా మాటలు వింటున్నట్టే ఉండేది.

వానాకాలమంటే మాకు వాన భయం కాదు, నట్టల భయం. గొర్రె పొట్టలో చేరి రక్తం పీల్చే పురుగులను మావాళ్ళు నట్టలంటారు. చెరువు వారన లేత గడ్డి మంచుతో తడిసి ఉన్నప్పుడు వాటి పిల్లలు ఆకు కొసకు పాకుతాయని, గొర్రె ఆ కొసనే కొరుకుతుందని తాత చెప్పేవాడు. అందుకని ఎండ వచ్చి మంచు ఆరేదాకా మందను లేపనిచ్చేవాడు కాదు. కడుపులు కాలి మూడు వందల గొర్రెలు ఒక్కసారిగా అరుస్తున్నా, గడ్డి మీద అరికాలు పెట్టి తడి చూసుకునేవాడు. కాలు పొడిగా వస్తేనే కర్ర ఎత్తేవాడు.

ఎంత కాసినా కొన్నిటికి పట్టేవి. నట్టలు పట్టిన గొర్రె మందలో వెనకబడుతుంది. ఉన్ని పట్టుకుంటే చేతికి ఊడి వస్తుంది. ముదిరితే దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. అంతదాకా రాకముందే కనిపెట్టాలంటే కన్ను చూడాలి. కింది రెప్ప లాగితే లోపలి రంగు చెబుతుంది. తాత ఆ రంగులకు మూడు పేర్లు పెట్టుకున్నాడు. మోదుగ అంటే మోదుగపువ్వు ఎరుపు, దానికి ఢోకా లేదు. జామ అంటే జాంపండు లోపలి రంగు, కనిపెట్టుకుని ఉండాలి. సున్నం అంటే తెల్లబడిపోయిందని. సున్నం అన్నదానికి వెంటనే మందు పడాలి, లేకపోతే అది పది రోజుల గొర్రె.

ఇంకో మాట కూడా నేర్పాడు. "దుమ్ము పడి నీళ్ళు కారే కన్ను చూసి రంగు చెప్పకే అమ్మడూ. లోపల సున్నమున్నా ఎర్రగానే కనపడుద్ది. కన్ను ఆరాక చూడాల."

ఇంత తెలిసిన తాతకు ఆ రంగులు కనపడక రెండేళ్ళయింది. కళ్ళకు పొరలు కమ్మాయి. దారీ మనుషులూ ఆనేవారు గానీ, ఎరుపుకూ తెలుపుకూ తేడా తెలిసేది కాదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసనుకునేవాళ్ళం నేనూ, తాతా. కన్ను చదవలేనివాడు మందకు పెద్దగా ఉండలేడు. తాత ఇంటికి పోయి కూర్చోవాలి, నేను సున్నపు బట్టీకి పోవాలి. అందుకని ఒక నాటకం కట్టాం. తాత గొర్రె రెప్ప తనే లాగి, నలుగురికీ వినపడేలా, "ఏదీ, నేర్చుకున్నావా లేదా? ఇదేందో చెప్పు" అనేవాడు. నేను వంగి చూసి, "జామ తాతా" అనేదాన్ని. "ఆఁ, అంతే!" అని గర్వంగా తలూపేవాడు. అందరూ తాత నాకు విద్య నేర్పుతున్నాడనుకునేవారు. మావయ్యయితే, "ఆడపిల్లకెందుకు పెదనాయనా ఈ చదువు" అని నవ్వేవాడు.

ఆ విద్య నా నెత్తికెక్కింది. ఒకసారి పెసరచేను గట్టు మీద కూలివాళ్ళ పిల్లలు నలుగురు దొరికితే, వరసగా నిలబెట్టి రెప్పలు లాగి, నువ్వు మోదుగ, నువ్వు జామ అని తేల్చేశాను. ఒకడు ఏడుస్తూ పోయి తల్లిని తెచ్చాడు. "మా పిల్లలేమన్నా గొర్రెలటే, కళ్ళు పీకి చూస్తన్నావు?" అని ఆవిడ విరుచుకుపడింది. అత్త అడ్డం వచ్చి, "కోప్పడమాకమ్మా, దానికి ఆడుకోడానికి పిల్లల్లేరు" అని పంపేసింది. సాయంత్రం ఆవిడే చాటలో పెసరకాయలు పోసుకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మా చిన్నోడిది జామన్నావంటగా. జామంటే మంచిదా, చెడ్డదా?" అని అడిగింది. అత్త నవ్వలేక చచ్చింది. ఆ పెసరకాయలు ఇద్దరం కట్ట మీద కూర్చుని ఒలుచుకు తిన్నాం.

నాకు చుక్క అని ఒక గొర్రెపిల్ల ఉండేది. దాని తల్లీ ఈనుతూనే పోయింది. గుడ్డపీలిక మేకపాలలో ముంచి దాని నోట్లో పెట్టి నేనే పెంచాను. ఏడాది దాటినా మందలోకి పోకుండా నా వెనకాలే తిరిగేది. నేను కూర్చుంటే వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించేది. నా సొంతమని చెప్పుకోడానికి నాకున్నది అదొక్కటే.

ఆ ఏడు వానలు వదల్లేదు. మంచు ఆరడానికి అసలు ఎండే రాలేదు. కడుపులు మాడ్చలేక తడిగడ్డి మీదే మేపాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి గొర్రెలు వెనకబడడం మొదలైంది. తాత పాత పద్ధతిలో పొగాకు నీళ్ళు, మైలుతుత్తం పట్టించాడు గానీ నట్టలు లొంగలేదు. మావయ్య నందిగామ పశువుల ఆసుపత్రికి నడిచి వెళ్ళి, చిక్కటి తెల్లటి నట్టల మందు ఒక సీసా తెచ్చాడు. చుట్టుపక్కల మందలన్నిటికీ ఇదే జబ్బు, అందరికీ పంచాలని ఒక సీసాయే ఇచ్చారట. మూడు వందల గొర్రెలకు అదేం సరిపోతుంది? సున్నం అన్నవాటికే పొయ్యాలని తాత నిర్ణయించాడు.

పొద్దున మొదలుపెట్టాం. అత్త ఒక్కొక్క గొర్రెను కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంటుంది. తాత రెప్ప లాగుతాడు. నేను రంగు చెబుతాను. సున్నం అంటే మావయ్య వెదురు గొట్టంలో గీత దాకా మందు పోసుకుని, గొర్రె తల మరీ ఎత్తకుండా నోటి పక్కనుంచి మెల్లిగా పోస్తాడు. తల ఎక్కువ ఎత్తితే పొలమారి అక్కడికక్కడే చస్తుంది. మందు పడినదానికి గుర్తుగా నుదుట ఎర్రటి జాజు బొట్టు. మధ్యాహ్నానికి సీసా అడుక్కొచ్చింది. మావయ్య దాన్ని ఎండకు పట్టి చూసి, "ఇంకొక్కదానికి వస్తది పెదనాయనా" అన్నాడు.

చూడనివి రెండే మిగిలాయి. ఒకటి అత్త బొల్లిగొర్రె. రెండోది నా చుక్క. అత్త వంతు గొర్రెలు ఆ నెలలోనే సగానికి సగం పోయాయి. మిగిలినవాటిలో చూడిది ఆ బొల్లిగొర్రె ఒక్కటే. అది ఈనితే మళ్ళీ నిలదొక్కుకోవచ్చని ఆవిడ ఆశ. దాన్ని కాళ్ళ మధ్య పట్టుకుంది. తాత రెప్ప లాగాడు.

సున్నం. అంత తెల్లటి కన్ను ఆ రోజు మొత్తంలో చూడలేదు.

చుక్క నా వెనకే నిలబడి నా పావడా అంచు నములుతోంది. పొద్దుట దాని కన్ను నేను రహస్యంగా చూసుకున్నాను. జామ. ఈ రోజు జామ, రేపు? ఎల్లుండి? మళ్ళీ సీసా ఎప్పుడొస్తుందో?

"ఏదీ, ఇదేందో చెప్పు" అన్నాడు తాత.

"జామ తాతా" అన్నాను.

"ఆఁ, అంతే" అన్నాడు తాత, ఎప్పటిలాగే.

అత్త నా వంక చూసింది. ఆ చూపు ఎంతసేపుందో నాకు తెలియదు. తర్వాత గొర్రెను వదిలి, దాని వీపు మీద రెండుసార్లు తట్టింది. చుక్కను కూడా ఆవిడే పట్టుకుంది. నేను సున్నం అన్నాను. ఆఖరి మందు దాని నోట్లో పడింది. మావయ్య దాని నుదుట తెల్ల చుక్క మీదే జాజు పూశాడు.

తొమ్మిదో రోజున బొల్లిగొర్రె చెరువు కట్ట దిగలేక అక్కడే పడిపోయింది. మేం చేరేసరికి ప్రాణం లేదు. ఎందుకు చచ్చిందో చూడాలని తాత దాని పొట్ట కోయించాడు. లోపల నట్టలు దారపు పోగుల్లా, ఎరుపూ తెలుపూ మెలికలు తిరిగి కుప్పగా ఉన్నాయి. కడుపులో పిల్ల కూడా ఉంది. ఉన్ని మొలుస్తోంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది.

మావయ్య లేచి చేతులు కడుక్కుని, "ఇన్ని నట్టలుంటే కన్ను జామ ఎట్టా అవుద్ది పెదనాయనా? నువ్వు చూసే చెప్పావా?" అన్నాడు.

చెప్పింది పిల్ల, అని తాత అంటాడని చూస్తున్నాను. అంటే నేను నిజం చెప్పేసేదాన్నేమో. ఇప్పటికీ అలాగే అనుకుంటాను, నమ్మకం లేదు గానీ.

"నా కళ్ళకి పొరలొచ్చి రెండేళ్ళయిందిరా" అన్నాడు తాత. "మీకు చెప్పకుండా దాచా. తప్పు నాది."

మావయ్య తాత చేతిలో కర్ర వైపు చూశాడు. తాత దాన్ని తనే అందించాడు.

మర్నాడు పొద్దున గడ్డి ఆరిందో లేదో మావయ్య చూస్తున్నాడు. తాత, నేనూ గొంగడి పరుచుకుని దూరంగా కూర్చున్నాం. తాత నా వైపు తిరగకుండానే, "అమ్మడూ, ఆ రోజు దాని కన్ను ఎట్టా ఉందే?" అని అడిగాడు.

"జామే తాతా."

"అట్టాగా. అయితే తొమ్మిది రోజుల్లో తిరగబడుంటది. ఒక్కోసారి అట్టా అవుద్దిలే."

నమ్మాడో, నమ్మినట్టు ఉన్నాడో నాకు తెలియలేదు. నన్ను మళ్ళీ అడగలేదు. రెండేళ్ళ తర్వాత ఆయన ఆ మట్టిగోడల ఇంట్లోనే పోయాడు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

అత్త మంద వదిలేసింది. మిగిలిన నాలుగు గొర్రెలనూ మరిదికే అప్పజెప్పి, కంచికచర్ల వైపు మిరపకాయల తొడిమలు, అదే తొడాలు, తీసే పనికి పోతానంది. అక్కడ ఆవిడ అక్క ఉండేది. మూట నెత్తిన పెట్టుకుని రోడ్డు ఎక్కుతుంటే, నేను చుక్కను తాడు కట్టి లాక్కుంటూ వెంటపడ్డాను. బస్సాగే చోట ఆవిడ మూట దించింది.

"ఇది నీకే అత్తా. తీసుకుపో" అన్నాను.

"నేను పోయేది మిరపకాయల్లోకే. దీనికక్కడ గడ్డెవరేస్తారు?"

ఇక ఆపుకోలేక, ఏడుస్తూ, "ఆ రోజు జామ కాదత్తా" అన్నాను.

"తెలుసే. దాన్ని పట్టుకుంది నేనేగా. నాక్కళ్ళు లేవా?"

"మరి చెప్పలేదేం?"

"ఎట్టా చెప్పను? అంతమందిలో నేను నోరు తెరిస్తే మీ తాతకి కళ్ళు కనపడట్లేదని తెలిసిపోద్ది. నిన్ను బట్టీకి పంపిచ్చేస్తారు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గొర్రె తట్టుకుంటదేమో అనుకున్నా. తట్టుకోలా."

బస్సు వచ్చింది. అత్త నా గడ్డం పట్టి పైకెత్తి, బొటనవేలితో నా కింది రెప్ప లాగి చూసింది. "మోదుగ" అంది. "నీకు ఢోకా లేదే. బతుకుతావు."

బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేనావిణ్ణి చూడలేదు. పెద్దయ్యాక రెండుసార్లు కంచికచర్ల వెళ్ళి అడిగాను. తొడాలు తీసే ఆడవాళ్ళు అన్ని ఊళ్ళ నుంచీ వస్తారు, పోతారు, ఎవరికీ గుర్తు లేదు.

నెల లోపే నన్ను నాన్న దగ్గరికి పంపేశారు. సున్నపు బట్టీ పక్కన ఇల్లు. గోడలు, గిన్నెలు, నా జుట్టు, అన్నీ తెల్లగా ఉండేవి. తల దువ్వేవాళ్ళు లేరు. చుక్క మందలోనే ఉండిపోయింది. అది అయిదారు ఈతలు ఈనిందని మావయ్య ఒకసారి చెప్పాడు. సంతోషించాలి కదా. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేకపోయాను. ఆ మందూ ఇప్పుడు లేదు. మావయ్య కొడుకులు లారీలు తోలుతున్నారు.

ఆఖరి రోజున అత్త అన్న మాటను నేను చాలా ఏళ్ళు దాచుకుని బతికాను. పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పుడూ, ఆయన పోయి ఇంట్లో ఒక్కదాన్నే మిగిలినప్పుడూ, ఆవిడ చూసి చెప్పింది కదా, మోదుగ, నాకు ఢోకా లేదు అనుకునేదాన్ని. ఎప్పుడు తట్టిందో గుర్తు లేదు గానీ, ఒక రోజు అంట్లు తోముతుంటే ఉన్నట్టుండి తట్టింది. బస్సు దగ్గర అత్త నా రెప్ప లాగినప్పుడు నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. నీళ్ళు కారే కన్ను చూసి రంగు చెప్పకూడదు. తాత నేర్పిన ఆ మాట అత్తకు తెలియదా? అంతా తెలిసే చెప్పింది. బొల్లిగొర్రె కన్ను చూసి నేనన్న అబద్ధానికి, నా కన్ను చూసి ఆవిడ తిరిగిచ్చింది అది.

నర్సమ్మాయి వచ్చింది. చేతిలో రెండు పొట్లాలు. "ఇవి రక్తానికండి, రోజూ ఒకటి. ఈ ఒక్కటీ విడిగా వేసుకోవాలి, కడుపులో పురుగులకి." మాత్రను నా అరచేతిలో పెట్టింది. తెల్లగా ఉంది.

"నట్టల మందా?" అన్నాను.

"అదేనండి" అని నవ్వింది, ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది. "అయ్యో, కళ్ళు అంత ఎర్రబడ్డాయేంటండీ? ఏదీ, ఇంకోసారి చూడనివ్వండి" అంటూ బొటనవేలు చాచింది.

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇప్పుడొద్దమ్మా" అన్నాను. "కన్ను ఆరాక చూడాలి."